యాక్సెస్‌లో లింకులు తెగుతుంటే: మళ్లీ కలపాలా, దారి మార్చాలా, ఇల్లే మార్చాలా?

మైక్రోసాఫ్ట్ యాక్సెస్ డేటాబేస్ ఫైల్‌ను రెండుగా విడదీసి వాడే ఆఫీసుల్లో ఫిర్యాదు దాదాపు ఒకేలా ఉంటుంది. నిన్న సాయంత్రం దాకా బాగానే పనిచేసింది, ఇవాళ బిల్లు ఫారం తెరవగానే ఏదో పాత్ (ఫైల్ ఉన్న చోటు అడ్రస్) లేదంటోంది. తెలిసినవాళ్లను అడిగితే తలా ఒక మాట. లింకులు మళ్లీ కొట్టుకోండి అంటారు ఒకరు. ఆ డ్రైవ్ లెటర్ తీసేయండి అంటారు ఇంకొకరు. నాలుగు లైన్ల కోడ్ రాస్తే అదే చూసుకుంటుందని మరొకరు. కాస్త పెద్ద కంపెనీలో చేసి వచ్చినాయనైతే, ఇంకా యాక్సెస్ ఏంటండీ, ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి మారిపోండి అని తేల్చేస్తారు. అదీ మైక్రోసాఫ్ట్‌దే, యాక్సెస్ కంటే పెద్ద డేటాబేస్ సాఫ్ట్‌వేర్.

నాలుగూ మంచి సలహాలే. కాకపోతే ఒక్కోటి ఒక్కో రోగానికి. అడ్రస్ తప్పినందుకు సర్వర్ కొనడం, నెట్‌వర్క్ తెగుతున్నందుకు రోజూ లింకులు కలుపుకుంటూ కూర్చోవడం, ఈ రెండూ చాలా ఆఫీసుల్లో జరుగుతున్నవే.

ఎంపికలోకి దిగే ముందు ఒక్క సంగతి. విడదీసిన డేటాబేస్‌లో ఫారాలు, రిపోర్టులు, క్వెరీలు, కోడ్ ఉన్న ఫైల్ ఫ్రంట్ ఎండ్. అది ఎవరి సిస్టమ్‌లో వాళ్లకు ఒక కాపీ ఉండాలి. టేబుళ్లు మాత్రమే ఉన్న ఫైల్ బ్యాక్ ఎండ్. అది అందరికీ కలిపి ఒక్కటే, షేర్డ్ ఫోల్డర్‌లో ఉంటుంది. ఫ్రంట్ ఎండ్‌లో మీకు బాణం గుర్తుతో కనిపించే లింక్డ్ టేబుల్‌లో డేటా ఉండదు, డేటా ఎక్కడుందో చెప్పే అడ్రస్ మాత్రమే ఉంటుంది. కాబట్టి లింక్ తెగితే డేటా పోయినట్టు కాదు. పొరపాటున లింక్ డిలీట్ చేసినా బ్యాక్ ఎండ్‌లో టేబుల్ అలాగే ఉంటుంది.

## ముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికంటే ముందు మెసేజ్ చదవండి. ఓకే కొట్టేసి "ఏదో ఎర్రర్ వచ్చింది" అని ఫోన్ చేసే అలవాటు వల్లే సగం సమయం వృథా అవుతుంది. స్క్రీన్ మీద ఒక్కోసారి నంబరు కనపడదు, వాక్యం మాత్రమే ఉంటుంది. అయినా అర్థం ఇదే:

| నంబరు | అది చెబుతున్నది | చూడాల్సిన చోటు |
|---|---|---|
| 3044 | పాత్ చెల్లదు, ఫోల్డర్ దాకా కూడా వెళ్లలేకపోయింది | డ్రైవ్ లెటర్, షేర్ పేరు, నెట్‌వర్క్ |
| 3024 | ఫోల్డర్ ఉంది, అందులో ఫైల్ లేదు | ఫైల్ పేరు మార్చారా, ఎక్కడికైనా జరిపారా |
| 3011, 3078 | ఫైల్ తెరుచుకుంది, ఆ టేబుల్ దొరకలేదు | బ్యాక్ ఎండ్‌లో టేబుల్ పేరు |
| 3045, 3051 | ఫైల్ వేరొకరి చేతిలో ఉంది, లేదా మీకు అనుమతి లేదు | ఎక్స్‌క్లూజివ్‌గా తెరిచినవాళ్లు, ఫోల్డర్ పర్మిషన్లు |
| 3027, 3073 | చూడొచ్చు, మార్చడం కుదరదు | చాలాసార్లు పర్మిషన్లు. ఓడీబీసీ (బయటి డేటాబేస్ సర్వర్‌కు కలిపే వారధి) అయితే ప్రైమరీ కీ (ప్రతి రికార్డునూ విడిగా గుర్తించే ఫీల్డ్) |
| 3043 | పని మధ్యలో నెట్‌వర్క్ తెగింది | వైఫై, కేబుల్, నెట్‌వర్క్ స్విచ్ |
| 3343 | ఫైల్ ఫార్మాట్ గుర్తుపట్టలేకపోయింది | ఫైల్ చెడింది, లేదా కొత్త వెర్షన్‌లో తయారైంది |
| 3146, 3151 | ఓడీబీసీ దగ్గర ఆగిపోయింది | సర్వర్, డ్రైవర్, లాగిన్ |

ఈ పట్టికలో మొదటి రెండు వరుసలే నిజమైన లింక్ సమస్యలు. మూడోది పేరు సమస్య. 3043, 3343 వస్తుంటే లింకులు ఎన్నిసార్లు కలిపినా లాభం లేదు.

ఇంకో చిన్న పరీక్ష ఉంది. ఎర్రర్ వస్తున్న సిస్టమ్‌లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి బ్యాక్ ఎండ్ ఉన్న ఫోల్డర్‌లోకి వెళ్లండి. అక్కడ ఒక ఖాళీ నోట్‌ప్యాడ్ ఫైల్ సృష్టించి, దాన్ని మళ్లీ డిలీట్ చేయండి. లోపలికే వెళ్లలేకపోతే అది విండోస్ వ్యవహారం, యాక్సెస్‌ను అనుమానించి పనిలేదు. వెళ్లగలిగారు కానీ ఫైల్ సృష్టించలేకపోయారు అంటే పర్మిషన్లు తక్కువ. మొదటి మనిషి బ్యాక్ ఎండ్ తెరవగానే యాక్సెస్ అదే ఫోల్డర్‌లో ఒక లాక్ ఫైల్ పెడుతుంది, చివరి మనిషి మూసేయగానే దాన్ని తీసేస్తుంది. అందుకే ఫోల్డర్‌కు చదివే హక్కు ఒక్కటే ఇస్తే చాలదు. రాయడం, సృష్టించడం, తీసేయడం అన్నీ ఉండాలి. "మాకెందుకు రిస్క్" అని రీడ్ ఓన్లీ ఇచ్చిన హార్డ్‌వేర్ అబ్బాయి పుణ్యమా అని వచ్చే ఎర్రర్లు చాలానే ఉంటాయి.

ఆ తర్వాత మీ ఆఫీసు గురించి నాలుగు ప్రశ్నలు. ఎన్ని సిస్టమ్‌లు? అవి ఒకే భవనంలో కేబుల్ మీద ఉన్నాయా, వేరే ఊళ్లో బ్రాంచి కూడా ఉందా? బ్యాక్ ఎండ్ చోటు ఎంత తరచుగా మారుతుంది? లింక్ తెగిన రోజున దాన్ని బాగుచేసే మనిషి ఎవరు? నాలుగింటిలో చివరిదానికే నేను ఎక్కువ విలువిస్తాను. బాగుచేయగలిగినవాళ్లు పక్క ఊళ్లో ఉంటే ఎంత గొప్ప ఏర్పాటైనా ఆ రోజుకు పనికిరాదు.

## ఒకటి: లింక్డ్ టేబుల్ మేనేజర్‌తో చేత్తో కలపడం

ఎక్స్‌టర్నల్ డేటా ట్యాబ్‌లోనే ఉంటుంది, ఖర్చు లేదు, కోడ్ అక్కర్లేదు. 2016, అంతకు ముందు వెర్షన్లలో అన్ని టేబుళ్లూ సెలెక్ట్ చేసి, కొత్త చోటు ప్రతిసారీ అడగమని చెప్పే చిన్న చెక్‌బాక్స్ మీద టిక్ పెట్టాలి. ఆ టిక్ మరిచిపోతే పాత అడ్రస్‌నే రిఫ్రెష్ చేయడానికి ప్రయత్నిస్తుంది, మీరేమో ఎందుకు మారలేదా అని చూస్తుంటారు. 2019 నుంచి, మైక్రోసాఫ్ట్ 365లోనూ కొత్త మేనేజర్ వచ్చింది. అందులో రిఫ్రెష్, రీలింక్ వేర్వేరు బటన్లు. అడ్రస్ మారలేదు కానీ బ్యాక్ ఎండ్ టేబుల్‌లో కొత్త ఫీల్డ్ చేర్చారంటే రిఫ్రెష్ చాలు. ఫైల్ చోటు మారితే రీలింక్.

చాలామంది రీలింక్ చేయకుండా ఎక్స్‌టర్నల్ డేటా నుంచి టేబుళ్లను కొత్తగా మళ్లీ లింక్ చేస్తారు. పాత లింక్ అలాగే ఉంటుంది కాబట్టి కొత్తది "కస్టమర్స్1" అనే పేరుతో వస్తుంది. ఫారాలు మాత్రం "కస్టమర్స్" అనే పాత పేరునే వెతుకుతాయి. ఫలితం: కొత్త లింక్ తెరిస్తే డేటా కనిపిస్తుంది, ఫారం మాత్రం మొరాయిస్తుంది. ఇలా జరిగితే పాత లింక్ తీసేసి, కొత్తదాని పేరు చివర అంకె చెరిపేయండి.

రెండు మూడు సిస్టమ్‌ల దుకాణానికి, ఏడాదికో రెండేళ్లకో ఒకసారి సిస్టమ్ మార్చే ఆఫీసుకు ఇది సరిపోతుంది. పది సిస్టమ్‌లుంటే పదిచోట్లా ఇదే తంతు. అదీకాక ఫ్రంట్ ఎండ్‌లో నావిగేషన్ పేన్, రిబ్బన్ దాచేసి ఉంటే గుమాస్తాకు ఆ మేనేజర్ కనపడనే కనపడదు.

## రెండు: డ్రైవ్ లెటర్ వదిలేసి పూర్తి నెట్‌వర్క్ పాత్

3044 తరచూ వచ్చే ఆఫీసుల్లో మొదట అనుమానించాల్సింది మ్యాప్డ్ డ్రైవ్‌నే. మీ సిస్టమ్‌లో జెడ్ డ్రైవ్ అంటే షేర్డ్ ఫోల్డర్. పక్క సీటు సిస్టమ్‌లో అది వై. ఇంకొకరికి జెడ్ అంటే పెన్‌డ్రైవ్. లింక్‌లో అడ్రస్ జెడ్‌తో మొదలైతే, ఆ ఫ్రంట్ ఎండ్‌ను పక్కవాళ్లకు కాపీ చేసిన క్షణమే అది తెగినట్టు. పొద్దున సర్వర్ సిస్టమ్ కంటే ముందు మీది ఆన్ చేసినా మ్యాప్డ్ డ్రైవ్ కనెక్ట్ కాకుండా ఎర్ర గుర్తుతో ఉండిపోతుంది. యాక్సెస్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేస్తే మామూలుగా మ్యాప్ చేసిన డ్రైవ్‌లు సాధారణంగా దానికి కనపడవు.

దీనికి విరుగుడు, రెండు వెనక గీతలతో మొదలయ్యే యూఎన్‌సీ పాత్: \\ఆఫీస్‌పీసీ\డేటా\స్టాక్ లాంటిది. ఏ సిస్టమ్ నుంచి చూసినా ఇది ఒక్కటే. రీలింక్ చేసేటప్పుడు ఫైల్ ఎంచుకునే డబ్బాలో జెడ్ డ్రైవ్ మీద క్లిక్ చేయకుండా ఈ పాత్ టైపు చేసి లోపలికి వెళ్లాలి. జెడ్ గుండా వెళ్తే లింక్‌లో జెడ్ అనే రాసుకుంటుంది.

కొందరు కంప్యూటర్ పేరు బదులు ఐపీ నంబరు పెడతారు. పేరు దొరకని నెట్‌వర్క్‌లో తప్పదేమో గానీ, రౌటర్ ఇచ్చే ఐపీ ఎప్పుడైనా మారొచ్చు. ఇంటర్నెట్ వాళ్లు వచ్చి రౌటర్ మార్చి వెళ్లిన మర్నాడు అన్ని సిస్టమ్‌లలో ఒకేసారి 3044 వచ్చిందంటే కారణం వెతకక్కర్లేదు. ఐపీయే వాడాలంటే రౌటర్‌లో ఆ సిస్టమ్‌కు దాన్ని రిజర్వ్ చేయించండి. పేరు వాడేవాళ్లు, సర్వర్ సిస్టమ్ మార్చినప్పుడు కొత్తదానికీ పాత పేరే పెట్టి, షేర్ పేరు కూడా అదే ఉంచితే ఒక్క లింక్ కూడా ముట్టుకోనక్కర్లేదు.

విండోస్ వైపు నుంచి ఈమధ్య వచ్చిన చిక్కు ఒకటుంది. విండోస్ 11లో 24హెచ్2 అప్‌డేట్ తర్వాత షేరింగ్ భద్రత నియమాలు గట్టిపడ్డాయి. పాస్‌వర్డ్ లేకుండా గెస్ట్‌గా తెరుచుకునే పాత నెట్‌వర్క్ స్టోరేజ్ పెట్టెలు ప్రో ఎడిషన్ సిస్టమ్‌లకు అందకుండా పోవచ్చు. యాక్సెస్ మాత్రం పాపం పాత్ లేదనే చెబుతుంది. ఒక యూజర్ పేరు, పాస్‌వర్డ్ పెట్టి షేర్ చేయించడం దీనికి మేలైన దారి. ఇంకో పరిమితి: మామూలు విండోస్ 10, 11 సిస్టమ్‌నే సర్వర్‌గా వాడుతుంటే ఒకేసారి 20 కనెక్షన్ల వరకే ఒప్పుకుంటుంది.

నా ఓటు దీనికే. మిగతా మూడింటిలో ఏది ఎంచుకున్నా, బ్యాక్ ఎండ్ యాక్సెస్ ఫైల్‌గా ఉన్నంతకాలం యూఎన్‌సీ పాత్ మీదే ఉంచండి.

## మూడు: తెరవగానే లింకులు తానే సరిచూసుకునే కోడ్

ఫ్రంట్ ఎండ్ తెరుచుకోగానే నడిచే చిన్న వీబీఏ (యాక్సెస్‌లోనే ఉండే ప్రోగ్రామింగ్ భాష) ప్రొసీజర్ ఇది. పని తీరు తేలికే. ఏదో ఒక లింక్డ్ టేబుల్‌ను తెరిచి చూస్తుంది. తెరుచుకుంటే నేరుగా మెయిన్ మెనూ. 3024 లేదా 3044 వస్తే, ఫ్రంట్ ఎండ్‌లోని చిన్న లోకల్ టేబుల్‌లో రాసిపెట్టుకున్న పాత్ ప్రయత్నిస్తుంది. అదీ కుదరకపోతే ఫైల్ ఎక్కడుందో చూపించమని వాడేవాళ్లనే అడుగుతుంది. ఆ తర్వాత టేబుల్‌డెఫ్‌లన్నిటినీ (కోడ్‌లో ఒక్కో టేబుల్ వివరం) వరసగా చూసి, లింక్ అడ్రస్ ఉండే కనెక్ట్ ప్రాపర్టీ ఖాళీగా లేనివాటిలో కొత్త అడ్రస్ రాసి, రిఫ్రెష్‌లింక్ పిలుస్తుంది. కనెక్ట్ ఖాళీగా ఉందంటే అది లోకల్ టేబుల్, ముట్టుకోకూడదు. ఓడీబీసీతో మొదలయ్యేవి, ఎక్సెల్ లింకులు ఉంటే వాటినీ దాటేయాలి. ఈ జాగ్రత్త లేకుండా రాసిన కోడ్ ఎక్సెల్ లింక్‌ను కూడా యాక్సెస్ ఫైల్ వైపు తిప్పబోయి మధ్యలో ఆగిపోతుంది.

కోడ్ రాసేవాళ్లు తరచూ వదిలేసే కిటుకు: లూప్ మొదలుపెట్టే ముందే బ్యాక్ ఎండ్‌ను ఒక డేటాబేస్ వేరియబుల్‌లో తెరిచి, లూప్ అయ్యేదాకా అలాగే ఉంచండి. లేకపోతే ఒక్కో రిఫ్రెష్‌లింక్‌కూ ఫైల్ తెరిచి మూయడం జరుగుతుంది. ఇద్దరు ముగ్గురు పనిలో ఉన్నప్పుడు నలభై టేబుళ్లు కలపడానికి విసుగొచ్చేంత సేపు పడుతుంది. ఇదే సూత్రం రోజువారీ వేగానికీ పనికొస్తుంది. బ్యాక్ ఎండ్‌లోని ఏదో ఒక చిన్న టేబుల్‌కు కట్టిన ఫారంను దాచిపెట్టి, రోజంతా తెరిచి ఉంచితే లాక్ ఫైల్ మాటిమాటికీ పుట్టి పోవడం ఆగుతుంది, ఫారాలు చప్పున తెరుచుకుంటాయి.

క్లయింట్లకు ఫైల్ చేసి ఇచ్చేవాళ్లకు ఇది తప్పనిసరి. మీ సిస్టమ్‌లో డీ డ్రైవ్‌లో ఉన్న బ్యాక్ ఎండ్ వాళ్ల ఆఫీసులో ఎక్కడ ఉంటుందో మీకు ముందు తెలియదు. కోడ్ కనపడకుండా ఏసీసీడీఈగా మార్చి ఇచ్చినా రీలింక్ పనిచేస్తుంది. కోడ్ రాయని ఆఫీసుకు మాత్రం దీనిలో చిక్కుంది. రాసినాయన వెళ్లిపోతే, ఆ ప్రొసీజర్ ఎందుకు పనిచేయట్లేదో చెప్పే దిక్కుండదు. ఫ్రంట్ ఎండ్ ట్రస్టెడ్ లొకేషన్‌లో (నమ్మదగినదని యాక్సెస్‌కు చెప్పి ఉంచిన ఫోల్డర్) లేకపోతే కోడ్ అసలు నడవకపోవచ్చు. అప్పుడు లింక్ తెగిందనుకుని వెతుకుతూ కూర్చుంటారు.

## నాలుగు: ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్‌కు టేబుళ్లు మార్చడం

యాక్సెస్ ఫైల్ పరిమాణం 2 జీబీ దాటకూడదు. ఎక్స్‌ప్రెస్ ఉచితమే, 2022 ఎడిషన్ వరకు ఒక్కో డేటాబేస్‌కు 10 జీబీ దాకా ఇస్తుంది. అంతకంటే ముఖ్యమైన తేడా పని తీరులో ఉంది. యాక్సెస్ బ్యాక్ ఎండ్‌లో ప్రతి సిస్టమ్ ఫైల్‌లోని పేజీలను నెట్‌వర్క్ మీదుగా నేరుగా చదివి రాస్తుంది. రాస్తుండగా కేబుల్ ఊడినా, కరెంటు పోయి స్విచ్ ఆగినా ఫైల్ చెడే ప్రమాదం ఉంది. సర్వర్ ఏర్పాటులో రాసేది సర్వర్ ఒక్కటే, మీ సిస్టమ్ అడుగుతుంది అంతే. మధ్యలో తెగితే ఆ ఒక్క లావాదేవీ వెనక్కి పోతుంది, మిగతాది భద్రంగా ఉంటుంది. 3343 ఎర్రర్, ఫైల్‌ను బాగుచేసే కంపాక్ట్ అండ్ రిపేర్ మీ ఆఫీసులో నెలవారీ కార్యక్రమమైపోతే ఇక ఇటు చూడాల్సిందే. అయితే ముందు స్విచ్‌కు, రౌటర్‌కు కూడా యూపీఎస్ ఉందో లేదో చూడండి. కంప్యూటర్లకు మాత్రమే యూపీఎస్ పెట్టి స్విచ్‌ను గోడ ప్లగ్గుకు వదిలేసిన ఆఫీసులకు సర్వర్ కంటే ముందు కావాల్సింది ఆ ఒక్క వైరు.

టేబుళ్లను తరలించడానికి మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ఎస్ఎస్ఎంఏ టూల్ ఉంది. అదే పనికి యాక్సెస్‌లో ఉండే పాత అప్‌సైజింగ్ విజర్డ్ 2013 వెర్షన్‌తో పోయింది. మారాక లింకులు ఓడీబీసీ మీద నడుస్తాయి, ఎర్రర్లూ కొత్తవే వస్తాయి:

- ఎక్స్‌ప్రెస్ ఇన్‌స్టాల్ చేయగానే వేరే సిస్టమ్ నుంచి కనెక్ట్ కాదు. టీసీపీ ఐపీ ఆన్ చేయాలి, ఫైర్‌వాల్ తెరవాలి, ఇన్‌స్టాన్స్ పేరుతో వెళ్లాలంటే ఎస్‌క్యూఎల్ సర్వర్ బ్రౌజర్ అనే సర్వీస్ నడుస్తుండాలి.
- ఓడీబీసీ డ్రైవర్ 18 డిఫాల్ట్‌గా ఎన్‌క్రిప్షన్‌ను తప్పనిసరిగా తీసుకుంటుంది. 17తో పనిచేసిన కనెక్షన్ 18తో సర్టిఫికెట్ గొడవ పెడితే కారణం ఇదే.
- ఆఫీస్ 32 బిట్ అయితే డీఎస్‌ఎన్ (కనెక్షన్ వివరాలను ఒక పేరుతో దాచేది) కూడా 32 బిట్ ఓడీబీసీ అడ్మినిస్ట్రేటర్‌లోనే సృష్టించాలి. డీఎస్‌ఎన్ లేకుండా కనెక్షన్ వివరాలు లింక్‌లోనే రాస్తే ఒక్కో సిస్టమ్‌లో ఈ పని తప్పుతుంది.
- ప్రైమరీ కీ లేని టేబుల్ చూడ్డానికి మాత్రమే వస్తుంది. అవును/కాదు ఫీల్డులకు డిఫాల్ట్ సున్నా పెట్టకపోతే సేవ్ చేసేటప్పుడు ఎవరూ ముట్టుకోని రికార్డును ఇంకెవరో మార్చారంటుంది. ప్రతి టేబుల్‌కు రోవెర్షన్ కాలమ్ (రికార్డు మారినప్పుడల్లా తానే మారేది) ఒకటి చేర్చండి.

మన వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది తెలుగు గురించి. యాక్సెస్ టెక్స్ట్ ఫీల్డ్ యూనికోడ్‌ను మామూలుగానే దాచుకుంటుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో టేబుల్‌ను మీరే చేత్తో సృష్టిస్తూ కాలమ్‌ను వార్‌కార్ (యూనికోడ్ కాని టెక్స్ట్ రకం) అని పెడితే, లక్ష్మి, సుబ్బారావు అందరూ వరస ప్రశ్నార్థకాలుగా మారిపోతారు. సేవ్ అయ్యాక అసలు అక్షరాలు తిరిగి రావు. ఎన్‌వార్‌కార్ పెట్టాలి. పొడవు విషయంలోనూ చెయ్యి జారనివ్వకండి: "లక్ష్మి" కంటికి రెండక్షరాలే అయినా కంప్యూటర్ లెక్కలో ఏడు.

ఖర్చు సాఫ్ట్‌వేర్‌లో కాదు, మనిషిలో ఉంది. యాక్సెస్ ఫైల్ అయితే రాత్రి అందరూ మూసేశాక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే బ్యాకప్ అయినట్టే. ఎక్స్‌ప్రెస్‌లో ఏజెంట్ సర్వీస్ ఉండదు కాబట్టి బ్యాకప్ స్క్రిప్టు రాసి టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టాలి, అది నడిచిందో లేదో చూసేవాళ్లూ కావాలి.

## పక్కపక్కన పెడితే

| | చేత్తో రీలింక్ | యూఎన్‌సీ పాత్ | స్టార్టప్ కోడ్ | ఎస్‌క్యూఎల్ ఎక్స్‌ప్రెస్ |
|---|---|---|---|---|
| 3044, 3024కు | ఆ పూటకు | 3044 చాలావరకు ఆగుతుంది | తనంతట తానే సర్దుకుంటుంది | వర్తించదు, ఓడీబీసీ ఎర్రర్లు వస్తాయి |
| 3043, 3343కు | పనికిరాదు | పనికిరాదు | పనికిరాదు | ఫైల్ చెడటం బాగా తగ్గుతుంది |
| కావాల్సిన నైపుణ్యం | అరగంటలో నేర్చుకోవచ్చు | కాస్త నెట్‌వర్క్ అవగాహన | వీబీఏ | సర్వర్ నిర్వహణ |
| సరిపోయే సిస్టమ్‌లు | రెండు మూడు | ఎన్నైనా | అయిదుకు పైన | పదికి పైన, లేదా డేటా విలువైనదైతే |
| బ్యాకప్ | ఫైల్ కాపీ | ఫైల్ కాపీ | ఫైల్ కాపీ | విడిగా ఏర్పాటు చేయాలి |

వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్ ఈ పట్టికలో లేవు. వాటిలో సింక్ అయ్యే ఫోల్డర్‌లో బ్యాక్ ఎండ్ పెడితే, ఇద్దరు ఒకేసారి వాడినప్పుడు రెండు వేర్వేరు కాపీలు తయారవుతాయి. ఏది అసలుదో ఎవరూ చెప్పలేరు.

## మీ పరిస్థితిని బట్టి

ఒక దుకాణం, రెండు మూడు సిస్టమ్‌లు, రాసినాయన అందుబాటులో లేరు: యూఎన్‌సీ పాత్ పెట్టి, రీలింక్ చేసే పద్ధతిని ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. వైఫై మీద ఉన్న బిల్లింగ్ సిస్టమ్‌కు కేబుల్ వేయించండి. అంతకుమించి అక్కర్లేదు.

పది పదిహేను సిస్టమ్‌ల ఆఫీసు, కోడ్ తెలిసిన ఉద్యోగి ఒకరున్నారు: యూఎన్‌సీ, స్టార్టప్ కోడ్ రెండూ. సర్వర్‌కు మారే ఆలోచన ఉంటే ఏడాది ముందునుంచే ప్రతి టేబుల్‌కూ ప్రైమరీ కీ ఉండేలా చూసుకోండి. అప్పటికి సగం పని అయిపోయినట్టే.

వేరే ఊళ్లో బ్రాంచి ఉంది: వీపీఎన్ మీదుగా యాక్సెస్ బ్యాక్ ఎండ్ తెరవొద్దు. తెరుచుకుంటుంది, ఒక్కోసారి వారాలపాటు పనిచేస్తుంది కూడా, కానీ మధ్యలో లైను తెగిన రోజున ఫైల్‌తో పాటు మీ వారాంతం కూడా పోతుంది. బ్రాంచి వాళ్లు రిమోట్ డెస్క్‌టాప్‌తో మెయిన్ ఆఫీసు సిస్టమ్‌లోకే వచ్చి పనిచేయడం, లేదా ఎస్‌క్యూఎల్ సర్వర్, ఈ రెండే దారులు. షేర్‌పాయింట్ లిస్టులకు లింక్ చేయొచ్చు గానీ, ఒక వ్యూలో 5,000 ఐటెమ్‌ల హద్దు దగ్గర లావాదేవీల టేబుళ్లు ఆగిపోతాయి. చిన్న జాబితాలకైతే పర్వాలేదు.

ఎవరో చేసిన ఫైల్ మీ నెత్తిన పడింది, బ్యాక్ ఎండ్ ఎక్కడుందో కూడా తెలియదు: షిఫ్ట్ నొక్కి పట్టుకుని ఫైల్ తెరవండి. ఈ షిఫ్ట్ దారిని ఎవరూ ఆపేసి ఉండకపోతే నావిగేషన్ పేన్ వస్తుంది. లింక్డ్ టేబుల్ మీద మౌస్ ఆనిస్తే దాని పాత్ కనిపిస్తుంది. అన్ని లింకులూ ఒకే ఫైల్‌కు వెళ్తున్నాయో లేదో మేనేజర్‌లో చూడండి. రెండు మూడు పాత బ్యాక్ ఎండ్‌లకు చెదిరిన ఫైళ్లలో, స్టాక్ ఒక చోట, పేమెంట్లు మరో చోట నమోదవుతూ లెక్కలు కలవని సందర్భాలుంటాయి. అలా కనిపిస్తే అన్నీ ఒకే ఫైల్‌కు రీలింక్ చేసే తొందర వద్దు. ముందు ప్రతి బ్యాక్ ఎండ్‌కూ కాపీ తీసి, ఏ టేబుల్‌లో చివరి తేదీ ఎక్కడిదాకా ఉందో పోల్చి చూసుకుని, అప్పుడు రీలింక్ బటన్ నొక్కండి.